రెండవ పెంపుడు పిల్లి

రెండవ పెంపుడు పిల్లి అనగా ఇంట్లో అప్పటికే ఒక పిల్లి ఉండగా, దానికి తోడుగా తెచ్చుకొనే మరొక పిల్లి. కుక్క, పశువుల వలె కొత్త తోడును పిల్లి త్వరగా అంగీకరించదు. పిల్లి దృష్టిలో ఇల్లు తన వాసనతో గుర్తు పెట్టుకొన్న సొంత ప్రదేశం. అందులోకి హఠాత్తుగా వచ్చిన పరాయి పిల్లి తోడు కాదు, ఆక్రమణదారు. అందువలన రెండవ పిల్లిని తేవడంలో ప్రధానమైన అంశాలు రెండు: పాత పిల్లి స్వభావానికి తగిన దానిని ఎంచుకోవడం, ఆ రెండింటినీ తొందరపడకుండా దశల వారీగా పరిచయం చేయడం.

ఈ పరిచయం విఫలమైతే నష్టపోయేది ఎక్కువగా పిల్లులే. ఓడిన పిల్లి ఇల్లు విడిచి పోతుంది, లేదా యజమానులే దానిని ఊరి బయట వదిలిపెడతారు. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్యనున్న శ్రీహరికోట వంటి ద్వీపంలో ఇలా వదిలిన పిల్లి తాను కష్టపడడమే కాక, అక్కడి పక్షులకు, వన్యప్రాణులకు కూడా ముప్పు కాగలదు.

పేర్లు, వర్గీకరణ

పెంపుడు పిల్లి శాస్త్రీయ నామం ఫెలిస్ కాటస్. ఇది మార్జాల కుటుంబమైన ఫెలిడేకు చెందినది. ఆఫ్రికా, పశ్చిమాసియాలలోని ఫెలిస్ లిబికా అనే అడవి పిల్లి దీనికి పూర్వజ. సుమారు 10,000 సంవత్సరాల క్రితం పశ్చిమాసియాలో వ్యవసాయం మొదలై ధాన్యపు నిల్వలు ఏర్పడినప్పుడు, ఎలుకల కొరకు పిల్లులు మనుషుల చెంతకు చేరినట్లు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల నాటి సమాధిలో మనిషి ప్రక్కన పిల్లి అస్థిపంజరం లభించిన విషయం 2004లో ప్రకటితమైంది.

తెలుగులో మగ పిల్లిని గండుపిల్లి అని, ఆడపిల్లిని పెంటిపిల్లి అని, పిల్లను పిల్లికూన అని అంటారు. ఏ ప్రత్యేక జాతికీ చెందని స్థానిక పిల్లిని నాటు పిల్లి లేదా ఊరపిల్లి అంటారు. పేరులో పిల్లి ఉన్న జంతువులన్నీ పెంచుకోదగినవి కావు. జంగుపిల్లి తెలుగు ప్రాంతంలోని చిట్టడవులలో, చెరువు గట్లపై, రెల్లు పొదలలో నివసించే వన్యమృగం. దీని పిల్లలు కొన్నిసార్లు పొలాలలో దొరికినప్పుడు నాటు పిల్లి కూనలని పొరబడి ఇంటికి తెస్తుంటారు. తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామి సేవలో వాడే పునుగు తైలం వలన ప్రసిద్ధి చెందిన పునుగు పిల్లి అసలు మార్జాల కుటుంబానికే చెందదు. అది వివెర్రిడే కుటుంబపు జీవి. ఈ రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 క్రింద రక్షణ పొందిన జంతువులు. వీటిని ఇంట్లో పెంచడం నేరం. పిల్లికి తోడుగా వీటిని తేవాలనే ఆలోచనే తగదు.

పిల్లుల సాంఘిక స్వభావం

పిల్లి పూర్తిగా ఒంటరి జీవి అనే అభిప్రాయం సరియైనది కాదు. చేపల రేవులు, సంతలు, ధాన్యపు గోదాములు వంటి ఆహారం సమృద్ధిగా దొరికే చోట్ల పిల్లులు గుంపులుగా జీవిస్తాయి. అటువంటి గుంపులకు ఆధారం రక్తసంబంధం గల ఆడపిల్లులు: తల్లి, కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు. ఇవి ఒకదాని కూనలకు మరొకటి పాలు ఇస్తాయి, ఒకదానినొకటి నాకి శుభ్రపరచుకొంటాయి, తలను, ప్రక్కలను రుద్దుకొంటాయి. అయితే గుంపుకు చెందని పిల్లి వచ్చినప్పుడు ఇవన్నీ కలిసి దానిని తరుముతాయి. కాలక్రమంలో పదే పదే కనిపించి, వాసన అలవాటైన తరువాతనే కొత్త పిల్లికి అంచున చోటు దొరుకుతుంది.

వేటలో మాత్రం పిల్లి ఒంటరిదే. సింహాల వలె కలిసి వేటాడదు, ఆహారాన్ని పంచుకొని తినదు. గాయపడితే దానికి వేటాడి పెట్టేవారు ఉండరు గనుక, పోట్లాటను వీలైనంత వరకు తప్పించుకోవడం దాని సహజ నీతి. దూరంగా ఉండడం, ఎత్తుకు ఎక్కడం, దాగడం, ఒకే చోటును వేర్వేరు వేళలలో వాడుకోవడం దాని పద్ధతులు. రెండు పిల్లులను ఒకే గదిలో ఉంచి తలుపు వేసినప్పుడు ఈ మార్గాలన్నీ మూసుకుపోతాయి. అప్పుడు మిగిలేది పోట్లాట ఒక్కటే.

పిల్లి బుగ్గలు, గడ్డం, పాదాలు, తోక మొదలు వద్ద వాసన గ్రంథులు ఉంటాయి. అది గుమ్మాలకు, కుర్చీ కాళ్ళకు, మనుషుల కాళ్ళకు రుద్దుకోవడం ద్వారా తన వాసనను అంటిస్తుంది. నోటి పైభాగంలో ఉన్న జాకబ్‌సన్ అవయవం ద్వారా కూడా వాసనలను గ్రహిస్తుంది. కావున పిల్లుల మధ్య పరిచయం కంటితో కాక ముక్కుతో మొదలు కావాలి. పరిచయ పద్ధతి అంతటికీ ఇదే మూలసూత్రం.

తోడు అవసరమా

ప్రతి పిల్లికీ తోడు అవసరం లేదు. కూనగా ఉన్నప్పటి నుండి ఒంటరిగా పెరిగిన పెద్ద పిల్లి చాలా వరకు మనుషుల తోడుతోనే తృప్తి పడుతుంది. రెండవ పిల్లిని తేవడానికి సాధారణంగా చెప్పే కారణాలు మూడు.

ఒకటి, ఇంట్లో అందరూ పనికి, బడికి వెళ్ళినప్పుడు పిల్లి ఒంటరిగా ఉంటున్నదనే జాలి. రోజులో ఎక్కువ భాగం నిద్రపోయే పెద్ద పిల్లికి ఇది అంత పెద్ద సమస్య కాదు. ఉదయం, సాయంత్రం ఆడించడం ద్వారా దీనిని తీర్చవచ్చు. చురుకైన పిల్లికూన విషయంలో మాత్రం తోడు మేలు చేయగలదు.

రెండు, పిల్లి ఇంట్లో వస్తువులు గీరడం, తొట్టి బయట మూత్రం పోయడం వంటి అలవాట్లు తోడు వలన మానుతుందనే ఆశ. సాధారణంగా ఫలితం దీనికి విరుద్ధంగా ఉంటుంది. ఈ అలవాట్లకు ఆందోళనగాని, మూత్రకోశ వ్యాధిగాని కారణమై ఉండవచ్చు. కొత్త పిల్లి రాకతో ఆందోళన పెరుగుతుంది. ముందుగా పశువైద్యునికి చూపించడం అవసరం.

మూడు, జంటగా ఉన్న పిల్లులలో ఒకటి చనిపోవడం. మిగిలిన పిల్లి వెతుకుతూ తిరగవచ్చు, అరవవచ్చు, ఆహారం తగ్గించవచ్చు. అది కోరుకొనేది పోయిన ఆ ఒక్క పిల్లినే గాని ఏదో ఒక పిల్లిని కాదు. తిరిగి మామూలుగా తిని, నిద్రించే వరకు కొన్ని వారాలు ఆగడం మంచిది.

పాత పిల్లి ముసలిదై కీళ్ళ నొప్పులతోనో, మూత్రపిండాల వ్యాధితోనో బాధపడుతుంటే, కిటికీలో వీధి పిల్లి కనబడినంత మాత్రాన బెదిరిపోతుంటే లేదా ఇంట్లో వేరు చేయడానికి రెండవ గది లేకపోతే, రెండవ పిల్లిని తేకపోవడమే ఉత్తమం.

ఎంపిక

వయస్సు: పెద్ద పిల్లులు తోటి పెద్ద పిల్లి కంటే కూనను సులభంగా సహిస్తాయి, కూన ఇంకా పోటీదారు కాదు గనుక. అయితే పదేళ్ళు దాటిన పిల్లికి రోజంతా దూకే కూన పెద్ద బాధ. అటువంటి దానికి నెమ్మదైన నడివయస్సు పిల్లి మేలు. కూనను 8 వారాల కంటే ముందు తల్లి నుండి వేరు చేయరాదు. 2 నుండి 7 వారాల మధ్య కాలం కూన తోటి పిల్లులతోను, మనుషులతోను మెలగడం నేర్చుకొనే కీలకమైన దశ. ఆ దశలో ఒంటరిగా పెరిగిన కూనకు కరవకుండా ఆడడం, హెచ్చరికను గుర్తించడం సరిగా రావు.

లింగం: ఆడ, మగ అనే భేదం కంటే శస్త్రచికిత్స జరిగినదా లేదా అనేది ముఖ్యం. శస్త్రచికిత్స జరగని రెండు గండుపిల్లులు ఒకే ఇంట్లో ఇమడడం చాలా అరుదు. శస్త్రచికిత్స జరిగిన పిల్లులలో ఏ జంట అయినా పొసగవచ్చు.

స్వభావం: ఇది అన్నింటి కంటే ముఖ్యం. ఆటలాడే పిల్లికి ఆటలాడేది, నెమ్మదైన దానికి నెమ్మదైనది తగును. పిరికి పిల్లికి దూకుడు గల పిల్లిని తోడు తెస్తే పిరికిది మంచం క్రిందనే జీవితం గడుపుతుంది. కొత్త పిల్లి ఇంతకు ముందు ఇతర పిల్లులతో కలిసి ఉన్నదా అని విచారించాలి.

జాతి: పర్షియన్ వంటి పొడవు వెంట్రుకల పిల్లులు ఇటీవలి కాలంలో తెలుగు పట్టణాలలో ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. చదునైన ముఖం వలన వీటికి శ్వాస ఇబ్బంది, కళ్ళు కారడం ఉంటాయి. తీరప్రాంతపు ఉక్కకు తట్టుకోవడం కష్టం. నాటు పిల్లి ఈ వాతావరణానికి అలవాటు పడినది, ఖర్చు తక్కువ. వీధిలో ఆశ్రయం లేని కూనకు చోటు ఇచ్చినట్లు కూడా అవుతుంది.

ఇంకా ఏ పిల్లీ లేని ఇంటివారు మొదటి నుండే రెండు పిల్లులు కావాలనుకొంటే, ఒకే ఈతలో పుట్టిన రెండు కూనలను కలిపి తెచ్చుకోవడం అన్నింటి కంటే సులభమైన మార్గం. వాటికి పరిచయం చేయవలసిన పనే ఉండదు.

ఆరోగ్య జాగ్రత్తలు

కొత్త పిల్లిని ఇంటికి తెచ్చే ముందు గాని, తెచ్చిన రోజున గాని పశువైద్యుని చేత పరీక్ష చేయించాలి. కడుపులో పురుగులకు, గోమార్లకు మందు ఇప్పించాలి. చెవులలో నల్లని మురికి ఉంటే చెవి పురుగు ఉండవచ్చు. వెంట్రుకలు గుండ్రంగా ఊడి ఉంటే తామర అని అనుమానించాలి. ఇది మనుషులకు కూడా సోకుతుంది.

పిల్లుల పార్వో వ్యాధి అయిన పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్‌లకు కలిపి ఒకే టీకా లభిస్తుంది. దీనిని 6 నుండి 8 వారాల వయస్సులో మొదలుపెట్టి, 3 లేక 4 వారాలకు ఒకసారి చొప్పున 16 వారాలు నిండే వరకు వేస్తారు. రేబిస్ టీకా 12 వారాలు నిండిన తరువాత వేయించాలి. పాత పిల్లికి ఇవన్నీ సక్రమంగా పడి ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఇంట్లో నెలల తరబడి నిలిచి ఉండగలదు. ఆ వ్యాధితో పిల్లి చనిపోయిన ఇంటికి టీకా పడని కూనను తేవడం ప్రమాదకరం.

పిల్లుల ల్యుకేమియా వైరస్, పిల్లుల రోగనిరోధక శక్తిని తగ్గించే ఎఫ్.ఐ.వి. అనే వైరస్‌లకు రక్తపరీక్షలు ఉన్నాయి. మొదటిది ఉమ్మి ద్వారా, ఒకే గిన్నెలో తినడం, నాకడం ద్వారా వ్యాపిస్తుంది. రెండవది ముఖ్యంగా లోతైన కాటు ద్వారా వ్యాపిస్తుంది. ఈ రెండూ మనుషులకు సోకవు.

ఆడపిల్లి 4, 5 నెలల వయస్సుకే కట్టవచ్చు. గర్భావధి సుమారు 63 నుండి 65 రోజులు. రెండవ పిల్లి కావాలనుకొన్న ఇంట్లో ఏడాది తిరిగేసరికి పది పిల్లులు కావడానికి ఇదే కారణం. కావున సుమారు 5 నెలల వయస్సుకు శస్త్రచికిత్స చేయించడం మంచిది. గండుపిల్లికి శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడా కొన్ని వారాల పాటు సంతాన శక్తి ఉండవచ్చు. ఆ కాలంలో శస్త్రచికిత్స జరగని ఆడపిల్లితో కలపరాదు.

శ్రీహరికోట, సూళ్ళూరుపేట ప్రాంతాలకు ప్రత్యేక వైద్యం అవసరమైనప్పుడు తిరుపతిలోని పశువైద్య కళాశాల ఉన్నది. 1955లో స్థాపించిన ఈ కళాశాల, 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైనది.

ఇంట్లో ఏర్పాట్లు

అమెరికా, బ్రిటన్‌లకు చెందిన పిల్లుల వైద్య సంఘాలు 2013లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పిల్లికి ఇంట్లో ఐదు వసతులు అవసరం: భయం లేని చోటు, ఒకదానికొకటి దూరంగా అమర్చిన అవసర వస్తువులు, వేటను పోలిన ఆటకు అవకాశం, మనుషులతో నిలకడైన ప్రేమపూర్వక సంబంధం, వాసనను గౌరవించే పరిసరాలు.

ఇసుక తొట్టెలు పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. అనగా రెండు పిల్లులకు మూడు తొట్టెలు. మూడింటినీ ఒకే వరుసలో పెడితే పిల్లి దృష్టిలో అవి ఒక్క తొట్టితో సమానం. ఒక పిల్లి దారిలో కూర్చుంటే రెండవది ఏ తొట్టికీ పోలేదు. అందువలన వేర్వేరు గదులలో, వరండాలో పెట్టాలి. రోజూ శుభ్రం చేయాలి.

తిండి గిన్నెలు ఒకదానికొకటి కనబడనంత దూరంలో ఉండాలి. రెండు పిల్లులు ప్రక్కప్రక్కనే తింటుంటే అవి స్నేహంగా ఉన్నాయని చెప్పలేము. ఆకలి వలన పరస్పరం సహిస్తూ ఉండవచ్చు. నీటి గిన్నెలు తిండికి దూరంగా, రెండు మూడు చోట్ల ఉండాలి.

ఎత్తైన చోట్లు ముఖ్యం. అటక, బీరువా పైభాగం, కిటికీ అరుగు వంటివి పనికివస్తాయి. నేలపై చోటు చాలని చిన్న క్వార్టరులో కూడా ఎత్తు వలన పిల్లులకు చోటు పెరుగుతుంది. గోళ్ళు గీరుకొనడానికి సరుగుడు కర్రకు కొబ్బరి పీచు తాడు బిగించి చుట్టి నిలబెడితే చాలు. సరుగుడు తోటలు, కొబ్బరి చెట్లు గల తీరప్రాంతంలో ఈ రెండూ సులభంగా దొరుకుతాయి.

పరిచయం చేసే పద్ధతి

మొదటి దశ - వేరు గది: కొత్త పిల్లిని బుట్టలో తెచ్చి నేరుగా ఒక ప్రత్యేక గదిలో విడవాలి. ఆ గదిలో తిండి, నీరు, ఇసుక తొట్టి, దాగడానికి ఒక అట్టపెట్టె ఉండాలి. వేసవిలో గదికి గాలి, ఫంకా తప్పనిసరి. పాత పిల్లికి రోజువారీ వేళలలో, అది పడుకొనే చోటులో ఏ మార్పూ చేయరాదు. ఈ దశ కనీసం వారం రోజులు ఉండాలి. కొత్త పిల్లిలో దాగి ఉన్న జబ్బులు బయటపడడానికి రెండు వారాలు ఉంచడం ఇంకా మంచిది. ఈ కాలంలో ఒక పిల్లిని తాకిన తరువాత చేతులు కడుగుకొనే రెండవదానిని తాకాలి.

రెండవ దశ - వాసనల మార్పిడి: మెత్తని గుడ్డతో కొత్త పిల్లి బుగ్గలను తుడిచి, ఆ గుడ్డను పాత పిల్లి తిరిగే చోట నేలపై ఉంచాలి. అదే విధంగా పాత పిల్లి వాసన గల గుడ్డను కొత్తదాని గదిలో ఉంచాలి. గుడ్డను పిల్లి ముఖానికి బలవంతంగా అంటించరాదు. మొదట బుసకొట్టినా, తరువాత వాసన చూసి పట్టించుకోకుండా పోతే ఈ దశ ముగిసినట్లు. మూసిన తలుపుకు ఇరువైపులా కొంత దూరంలో రెండింటికీ ఒకే వేళకు తిండి పెట్టి, రోజు రోజుకూ గిన్నెలను తలుపు దగ్గరకు జరపాలి. పరాయి వాసనకు, ఇష్టమైన తిండికి మనసులో సంబంధం ఏర్పడడం దీని ఉద్దేశం. ముళ్ళు తీసి ఉడికించిన చిన్న చేపలు ఇందుకు బాగా పనికివస్తాయి. పచ్చి చేపలలో థయమిన్ విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉండవచ్చు గనుక ఉడికించాలి. ఎండు ఉప్పు చేప పెట్టరాదు.

మూడవ దశ - చోట్ల మార్పిడి: పాత పిల్లిని వేరొక గదిలో ఉంచి, కొత్త పిల్లిని ఇల్లంతా గంటసేపు తిరగనివ్వాలి. ఆ సమయంలో పాత పిల్లిని కొత్తదాని గదిలోకి పోనివ్వవచ్చు. ఇంకా ఒకదానినొకటి చూడరాదు.

నాలుగవ దశ - జాలీ తలుపు వెనుక నుండి చూపు: తెలుగు ఇండ్లలో సాధారణంగా ఉండే దోమల జాలీ తలుపు ఈ దశకు అనువైన సాధనం. ఇనుప జాలీ అయితే మేలు. నైలాన్ జాలీని గోళ్ళు చింపగలవు. మొదట జాలీపై చీర కప్పి, రోజూ కొంచెం కొంచెంగా పైకి తొలగిస్తూ, తిండి వేళలలో మాత్రమే ఒకదానినొకటి చూసేటట్లు చేయాలి. చూసి కూడా తింటూ ఉంటే, లేదా కళ్ళు మెల్లగా ఆర్పి ముఖం త్రిప్పుకొంటే ముందుకు సాగవచ్చు. చూపు గుచ్చి తినడం మానితే ఒక మెట్టు వెనుకకు రావాలి.

ఐదవ దశ - పర్యవేక్షణలో కలయిక: రెండు పిల్లులూ తిని, ఆడి అలసిన వేళ తలుపు తెరవాలి. ఎవరినీ ఎత్తుకొని ఎదురుగా తీసుకుపోరాదు. ఎత్తుకొన్న పిల్లికి పారిపోయే దారి ఉండదు. అది ఎత్తుకొన్నవారినే కరవవచ్చు. దారంతో కట్టిన ఈకతో వేర్వేరుగా ఆడించడం మంచిది. మొదటి రోజు 5 నిమిషాలు చాలు. పోట్లాట జరిగిన తరువాత కాక, అన్నీ సవ్యంగా ఉండగానే విడదీయాలి. క్రమంగా సమయం పెంచాలి. కొన్ని వారాల వరకు రాత్రివేళ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేరుగానే ఉంచాలి.

కూన అయితే ఈ దశలన్నీ రెండు మూడు వారాలలో ముగియవచ్చు. పెద్ద పిల్లులకు నెలలు పట్టవచ్చు. 2005లో ప్రచురితమైన ఒక అమెరికా సర్వేలో, మొదటి కలయికలోనే కరిచి గీరుకొన్న పిల్లులు తరువాత కూడా ఎక్కువగా పోట్లాడుతున్నట్లు తేలింది. "వాటంతట అవే తేల్చుకొంటాయి" అని వదిలివేయడం సరికాదని దీని వలన తెలుస్తున్నది.

సంకేతాలు

పిల్లులు కలిసిపోతున్నాయనడానికి గుర్తులు: తోకను నిలువుగా లేపి ఎదురు రావడం, ముక్కుకు ముక్కు ఆనించడం, తలలు రుద్దుకోవడం, ఒకదానినొకటి నాకడం, తాకుతూ నిద్రించడం. ఆటలో పిల్లులు వంతులవారీగా తరుముకొంటాయి, అరవవు, గోళ్ళు లోపలికి ముడుచుకొంటాయి.

ప్రమాద సూచనలు: చెవులు వెనుకకు అణగడం, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, తోకను విసరడం, బొంగురు గొంతుతో అరవడం. ఇవి అందరికీ తెలిసినవే. తరచుగా గమనించకుండా పోయేది నిశ్శబ్దమైన బెదిరింపు. ఒక పిల్లి తొట్టి దారిలోనో, గుమ్మంలోనో తీరికగా కూర్చొని రెండవదానిని కదలకుండా చూస్తూ ఉంటుంది. రెండవది తొట్టికి పోక మూత్రం ఆపుకొంటుంది, తిండి తగ్గిస్తుంది, రోజంతా అటకపై ఉంటుంది. పోట్లాట లేదు గనుక ఇంట్లోవారు స్నేహంగా ఉన్నాయనుకొంటారు. మూత్రం రాక మాటిమాటికి తొట్టిలో కూర్చొనే మగపిల్లిని అదే రోజు వైద్యునికి చూపించాలి. మూత్రనాళం మూసుకుపోతే ప్రాణాపాయం.

కలహం జరిగినప్పుడు

పోట్లాడుతున్న పిల్లుల మధ్య చేతులు పెట్టరాదు. పెద్ద అట్ట, దిండు వంటిది మధ్యలో అడ్డుపెట్టి, లేదా దుప్పటి కప్పి విడదీయాలి. కొట్టడం, నీళ్ళు పోయడం వలన ఆ బాధను ఎదుటి పిల్లికే ఆపాదించి పగ పెంచుకొంటాయి. విడదీసిన తరువాత కొన్ని గంటలు, అవసరమైతే రెండు మూడు రోజులు వేరుగా ఉంచి, రెండవ దశ నుండి మళ్ళీ మొదలుపెట్టాలి.

కిటికీ బయట గండుపిల్లిని చూసి రెచ్చిపోయిన పిల్లి, దానిని అందుకోలేక ప్రక్కనున్న తోటి పిల్లిపై పడుతుంది. దీనిని మళ్ళించిన కోపం అంటారు. వైద్యశాల నుండి వచ్చిన పిల్లిని మందుల వాసన వలన ఇంట్లోది గుర్తించక తరిమే సందర్భాలు కూడా ఉంటాయి. పిల్లి కాటు గాయం పైకి చిన్నదిగా కనబడినా లోపల చీము పట్టవచ్చు. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వరాదు. అది పిల్లులకు విషం.

మనిషిని పిల్లి కరిచినా, గీరినా వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాల పాటు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా విషయం విచారించాలి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మరణం దాదాపు తప్పదు. పెంపుడు పిల్లే కదా అని ఉపేక్షించరాదు.

శ్రీహరికోట ప్రాంతంలో ప్రత్యేక పరిస్థితులు

శ్రీహరికోట తిరుపతి జిల్లాలో, చెన్నైకి ఉత్తరాన సుమారు 80 కి.మీ. దూరంలో ఉన్న ద్వీపం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. 1969లో దీనిని రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 రాకెట్ ప్రయోగంతో కేంద్రం పని ప్రారంభించింది. 2002లో దీనికి సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం అని పేరు పెట్టారు. పులికాట్ సరస్సు మీదుగా పోయే రోడ్డు దీనిని సూళ్ళూరుపేటతో కలుపుతుంది. కేంద్రపు సిబ్బంది నివాసాలు ద్వీపంలోను, సూళ్ళూరుపేటలోను ఉన్నాయి.

ఇటువంటి చోట పిల్లిని పెంచేవారు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. మొదటిది శబ్దం. మనిషి వినలేని హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులను కూడా పిల్లి వినగలదు. రాకెట్ ప్రయోగపు ఉరుము వంటి ధ్వని, దీపావళి టపాకాయలు పిల్లిని భయపెడతాయి. సరిగా ఆ క్షణంలో ఎదురుగా ఉన్న కొత్త పిల్లే ఆ భయానికి కారణమని పాత పిల్లి భావించవచ్చు. ప్రయోగ తేదీలు ముందుగా ప్రకటిస్తారు గనుక, ఆ రోజున రెండు పిల్లులనూ వేరుగా, కిటికీలు మూసిన గదులలో ఉంచడం, కొత్త దశను ఆ వారంలో మొదలుపెట్టకపోవడం సులభమైన జాగ్రత్త. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో తుఫానులు వచ్చే తీరం ఇది. ఒక్కొక్క పిల్లికి ఒక్కొక్క బుట్ట సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంకా పొసగని రెండు పిల్లులను ఒకే బుట్టలో పెట్టి తరలించడం వలన వారాల శ్రమ వృథా అవుతుంది.

రెండవది వన్యప్రాణులు. శ్రీహరికోటలో ఎండు సతతహరితారణ్యం మిగిలి ఉన్నది. పులికాట్ సరస్సు, సూళ్ళూరుపేట సమీపంలోని నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రాలు. తీతువు, కౌజు వంటి పక్షులు నేలపైనే గుడ్లు పెడతాయి. రాత్రివేళ బయట తిరిగే పిల్లికి ఇవి సులభంగా చిక్కుతాయి. కడుపు నిండిన పిల్లి కూడా వేట మానదు. టీకాలు పడని పిల్లుల నుండి పాన్‌ల్యూకోపీనియా వంటి వ్యాధులు అడవిలోని మార్జాల జాతులకు సోకగలవు. ఇంట్లో కలహం వలన బయటకు నెట్టబడిన పిల్లి రాత్రులు బయటనే గడుపుతుంది. అందుచేత ఈ ప్రాంతంలో పరిచయం సక్రమంగా జరగడం ఇంటికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

మూడవది, ద్వీపంలో పెంపుడు జంతువులను వదిలివేయడం వలన కలిగే ఫలితం. పూర్వపు పెంపుడు పశువుల సంతతి శ్రీహరికోట అడవులలో యజమాని లేని జంతువులుగా తిరుగుతూ ఉండడం జంతు శాస్త్రజ్ఞుల పరిశీలనలలో నమోదైంది. పిల్లుల విషయంలో ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ న్యూజీలాండ్‌లోని స్టీఫెన్స్ ద్వీపం. 19వ శతాబ్దం చివరలో దీపస్తంభం కట్టిన తరువాత అక్కడికి చేరిన పిల్లులు, ఆ ద్వీపంలో మిగిలి ఉన్న ఎగరలేని ఒక చిన్న పక్షి జాతి అంతరించడానికి ముఖ్య కారణమైనాయి. ఉద్యోగ విరమణ, బదిలీల వలన ఇల్లు మారేవారు ఎక్కువగా ఉండే క్వార్టర్లలో, రెండవ పిల్లిని తెచ్చే ముందే రెండింటినీ వెంట తీసుకుపోగలమా అని ఆలోచించుకోవాలి. పిల్లి ఆయుర్దాయం సాధారణంగా 12 నుండి 15 సంవత్సరాలు.

పొసగనప్పుడు

ఎంత జాగ్రత్త తీసుకొన్నా కొన్ని జంటలు కలవవు. ఇంటిని రెండు భాగాలుగా చేసి, వేళలు మార్చి తిరగనివ్వడం ఒక మార్గం. పశువైద్యుని సలహాతో ఆందోళన తగ్గించే మందులు వాడవచ్చు. బుగ్గల గ్రంథుల స్రావాన్ని పోలిన కృత్రిమ వాసన పదార్థాలు కూడా మార్కెట్టులో ఉన్నాయి గాని, వాటి ఫలితంపై పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. ఇవేవీ పనిచేయకపోతే కొత్త పిల్లికి వేరే మంచి ఇల్లు చూడడం ఓటమి కాదు. రెండు పిల్లులకూ అది మేలు. ఈ కారణం వలన, ఇచ్చినవారితో ముందుగానే "కలవకపోతే తిరిగి తీసుకొంటారా" అని మాట్లాడుకోవడం మంచిది.

రేవు వద్దనో, సంతలోనో, అడవి అంచునో వదిలివేయడం పరిష్కారం కాదు. ఆకలి దప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును తగిన కారణం లేకుండా విడిచిపెట్టడం జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షను ప్రకారం నేరం. ఇంట్లో పెరిగిన పిల్లికి కొత్త చోట నీరు, నీడ ఎక్కడ ఉన్నాయో తెలియదు. అక్కడ అప్పటికే ఉన్న పిల్లులకు అది మళ్ళీ ఆక్రమణదారే అవుతుంది.

తెలుగు సంస్కృతిలో

పిల్లి తావు మార్చే అలవాటును తెలుగువారు పూర్వం నుండి గమనించారు. ఒకచోట నిలవక తిరిగే సంసారాన్ని "పిల్లి పిల్లలను ఏడిళ్ళు త్రిప్పినట్లు" అంటారు. వాసన తెలిసిపోయిన చోటును విడిచి, కూనలను కాపాడుకోవడానికి తల్లి పిల్లి చేసే పని ఇది. తల్లి పిల్లి కూనను నోట కరచుకొని పోవడాన్ని శ్రీవైష్ణవ సంప్రదాయంలో భగవంతుడు శరణాగతుని తానే రక్షించడానికి దృష్టాంతంగా చెబుతారు. దీనికి మార్జాల కిశోర న్యాయం అని పేరు. పిల్లి ఎదురు రావడం అపశకునమనే నమ్మకం కూడా తెలుగునాట ఉన్నది. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. ధాన్యపు గాదెలు గల ఇండ్లలో మాత్రం ఎలుకల వేటకై పిల్లిని ఆదరించడం అనాదిగా ఉన్న ఆచారం.

పెరుగన్నం, పాలు మాత్రమే పెట్టి పిల్లులను పెంచడం కొన్ని ఇండ్లలో కనబడుతుంది. పిల్లి తప్పనిసరిగా మాంసాహారి. మాంసం, చేపలలో లభించే టారిన్ అనే పదార్థం లోపిస్తే చూపు, గుండె దెబ్బతింటాయి. పెద్ద పిల్లులలో చాలా వాటికి పాలు అరగవు. రెండవ పిల్లిని తెచ్చే ఇంటివారు రెండింటికీ తగిన ఆహారం పెట్టగలమా అని కూడా చూసుకోవాలి. తిండి చాలని ఇంట్లో ఏ పరిచయ పద్ధతీ ఫలించదు.

ఇవి కూడా చూడండి

పిల్లి
పునుగు పిల్లి
పులికాట్ సరస్సు
నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం
రేబిస్